తూకం ముల్లు కదలని వారం

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని వచ్చిన మనిషిని చూడటానికి వెళ్ళినవాళ్ళు ముందు అడిగేది ఒకటే మాట. "ఎన్ని కిలోలు తగ్గావు?" కుట్లు మానాయా, మంచినీళ్ళు దిగుతున్నాయా, రాత్రి నిద్ర పడుతోందా అని అడిగేవాళ్ళు వెతికితే గాని దొరకరు. పదిహేను రోజులకి ఒకసారి, నెలకి ఒకసారి, పేరంటంలో ఒకసారి, పెళ్ళిలో ఒకసారి అదే ప్రశ్న. చెప్పిన అంకె వాళ్ళు అనుకున్న దానికంటే తక్కువైతే పెదవి విరుపు. "అంత డబ్బు పోసి ఇంతేనా?" అని పైకే అనేవాళ్ళు కొందరు, మనసులో అనుకునేవాళ్ళు కొందరు.

ఆ అంకె ఏ నెలలో ఎంత దిగడం మామూలో, మధ్యలో ఎందుకు ఆగుతుందో, ఎప్పుడు నిజంగా భయపడాలో ముందే చెప్పి పంపితే సగం దిగులు ఉండదు. చెప్పినా, ఆపరేషన్ హడావిడిలో ఆ మాటలు చెవికెక్కవు. ఇంట్లోవాళ్ళకి అసలే తెలియదు.

నాకు బాగా తెలిసిన ఒక టీచరు ఉంది, విజయవాడలో. పేరెందుకు లెండి. నలభై రెండేళ్ళు. ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం, ఆపరేషన్ నాటికి బరువు 108 కిలోలు. ఎనిమిదేళ్ళ నుంచి షుగరు. మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కేది. రాత్రి గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేది. నడక, యోగా, పథ్యం, డబ్బాల్లో పొడులు అన్నీ అయ్యాయి. తగ్గిన పది కిలోలు ఆర్నెల్లలో పన్నెండై తిరిగొచ్చేవి. చివరికి స్లీవ్ ఆపరేషన్ చేయించుకుంది. "నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంది" అని అత్తగారు ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పింది.

మొదటి రెండు వారాల్లో ఏడు కిలోలు తగ్గింది. ఇల్లంతా సంబరం. మూడో వారం ముల్లు కదల్లేదు. (ఇప్పటి మెషీన్లలో ముల్లెక్కడిది, అంకెలే కదా. అయినా మాట అలవాటు.) నాలుగో వారం మొదట్లో మూడు వందల గ్రాములు పెరిగింది కూడా. అదే ఊళ్ళో, అదే నెలలో, ఆవిడ తోటి టీచరు భర్త కూడా ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆయనకి నెలకి 15 కిలోలు పోయాయి. "ఆయనకి 15, నీకు ఏడేనా?" అన్న మాట పడ్డాక టీచరు ఏం చేసిందంటే, తింటున్న ఆ నాలుగు చెంచాల్లో కూడా కోత పెట్టింది. ఉడికించిన గుడ్డు మానేసింది. పెరుగు మానేసింది. పలచని మజ్జిగ, చారు నీళ్ళు తాగి స్కూలుకి వెళ్ళింది. అయిదో రోజున వంటింట్లో కళ్ళు తిరిగి పడిపోయింది.

డాక్టరు దగ్గర తేలింది ఏమిటంటే, ఆపరేషన్‌లో ఏ లోపమూ లేదు. ముల్లు ఆగడం కూడా లోపం కాదు. ఆవిడ చేసిన ఉపవాసమే తప్పు.

ముందు పోయేది నీరు

మన ఒంట్లో కొవ్వు కాకుండా ఇంకో చిన్న నిల్వ ఉంటుంది. దాని పేరు గ్లైకోజెన్. తిన్న అన్నం, గోధుమ, బెల్లం లాంటి వాటి నుంచి వచ్చిన చక్కెరని ఒళ్ళు కాలేయంలోనూ కండరాల్లోనూ ఈ రూపంలో దాచుకుంటుంది. ఎక్కువేం కాదు, అంతా కలిపి అరకిలో లోపు. కాని ఒక్కొక్క గ్రాము గ్లైకోజెన్ తనతో దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. ఆపరేషన్ ముందు రెండు వారాల పథ్యంతో మొదలై, తరవాత ద్రవాహారంలో ఉండగానే ఈ నిల్వ ఖర్చయిపోతుంది. దానితోపాటు నీరూ పోతుంది. కిలోన్నర, రెండు కిలోలు అలా చూస్తుండగానే దిగిపోతాయి. మొదటి పదిహేను రోజుల పరుగులో పెద్ద వాటా దీనిది.

ఆ తరవాత మెత్తటి ఆహారం మొదలవుతుంది. కాస్త ఇడ్లీ, కాస్త మెత్తటి పప్పన్నం లోపలికి వెళ్ళగానే ఒళ్ళు ఖాళీ అయిన డబ్బాని మళ్ళీ కొంచెం నింపుకుంటుంది. గ్లైకోజెన్ వచ్చింది, వెంట నీరు వచ్చింది. లోపల కొవ్వు కరుగుతూనే ఉన్నా పైన నీరు చేరడంతో తూకంలో ఏమీ కనబడదు. మూడో వారం దగ్గర చాలామందికి ముల్లు ఆగడానికి ఇదే ముఖ్య కారణం. వారం, పది రోజులు, ఒక్కోసారి అంతకంటే కొద్దిగా ఎక్కువ. తరవాత దానంతటదే దిగుతుంది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజున వెళ్ళినప్పటి కంటే కిలో, రెండు కిలోలు ఎక్కువ తూగేవాళ్ళు కూడా ఉన్నారు. అది ఎక్కించిన సెలైన్ బరువు.

ఆడవాళ్ళకి దీనికి తోడు ఇంకో లెక్క ఉంది, ఎవరూ చెప్పరు. నెలసరి ముందు రోజుల్లో ఒంట్లో నీరు నిలిచి కిలో దాకా బరువు పెరగడం మామూలు. మలబద్ధకం ఉంటే అదొక బరువు. అందుకే రోజూ పొద్దున, మధ్యాహ్నం, పడుకోబోయే ముందు మెషీన్ ఎక్కి దిగడం మనసుకి మంచిది కాదు. వారానికి ఒక రోజు, అదే రోజు, పొద్దున్నే కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు చూసుకుంటే చాలు. మిగతా ఆరు రోజులు ఆ మెషీన్‌ని మంచం కింద పెట్టేయండి.

పరుగు, నడక, పాకడం

మొత్తం ప్రయాణం ఎలా ఉంటుందంటే, మొదటి మూడు నెలలు పరుగు, ఆరో నెల వరకు నడక, ఆ తరవాత పాకడం. చాలామందికి మొదటి నెలలో ఉన్న బరువులో 7 నుంచి 10 శాతం పోతుంది. ఆరు నెలలకి అయిదో వంతు, ఆపైన. ఏడాదికి స్లీవ్ చేయించుకున్నవాళ్ళకి సగటున నాలుగో వంతు, బైపాస్ వాళ్ళకి 30 శాతం దగ్గర. ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య, కొందరికి రెండేళ్ళకి, ముల్లు ఒకచోట స్థిరపడుతుంది. అంతకంటే కిందకి మామూలుగా దిగదు.

ఇక్కడ శాతాల్లో చెప్పడానికి కారణం ఉంది. 150 కిలోల మనిషికి పది శాతం అంటే 15 కిలోలు. 108 కిలోల మనిషికి ఏడున్నర శాతం అంటే ఎనిమిది కిలోలు. తోటి టీచరు భర్తకీ మన టీచరుకీ నెలాఖరుకి ఉన్న తేడా ఇంతే. పైగా మగవాళ్ళకి కండ ఎక్కువ, కండ ఎక్కువున్న ఒళ్ళు కూర్చున్నా ఎక్కువ ఖర్చు పెడుతుంది. ఆయన చేయించుకున్నది బైపాస్. ఇన్ని తేడాలున్న ఇద్దరిని ఒకే త్రాసులో పెట్టి తూచడం ఏం న్యాయం?

ఆపరేషన్లలో తేడా కూడా చెప్పుకోవాలి. స్లీవ్ అంటే జీర్ణాశయంలో ముప్పాతిక భాగం పైనే నిలువుగా కోసి తీసేస్తారు. మిగిలింది అరటికాయంత సన్నటి గొట్టం. బైపాస్‌లో జీర్ణాశయం పై భాగాన చిన్న సంచీ, సుమారు 30 మిల్లీలీటర్లది, వేరు చేసి, దాన్ని చిన్నపేగులో కిందికి తెచ్చి కలుపుతారు. తిన్నది కొంత దారి తప్పించుకుని పోతుంది. రెండూ ఇప్పుడు చిన్న చిన్న రంధ్రాల ద్వారా చేసేవే. ఈ బైపాస్ ఊహ కొత్తది కాదు. 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ మొదలుపెట్టాడు. అల్సర్ల కోసం జీర్ణాశయంలో కొంత భాగం తీసేసిన ఆడవాళ్ళు మళ్ళీ బరువు పెరగలేకపోతున్నారని గమనించి ఆ దారి పట్టాడాయన.

మరి అదే చిన్న సంచీ, అదే చిన్న తిండి అయినప్పుడు వేగం ఎందుకు తగ్గుతుంది? 108 కిలోల ఒళ్ళు మెట్లెక్కినా, బట్టలు ఉతికినా, పడుకుని ఊపిరి పీల్చినా 108 కిలోల ఖర్చు. 85 కిలోలకి దిగాక ఆ ఖర్చు తగ్గుతుంది. దానికి తోడు, తిండి తగ్గింది కదా అని ఒళ్ళు కూడా గడుసు ఇల్లాలిలా పొదుపు మొదలుపెడుతుంది. లెక్క ప్రకారం ఖర్చు కావాల్సిన దానికంటే ఇంకా తక్కువ ఖర్చు చేస్తుంది. అటు తిండి కూడా మొదటి నెలంత తక్కువగా ఉండదు. మొదట్లో రోజుకి అయిదారు వందల కెలోరీలు దాటని మనిషి ఏడాది తిరిగేసరికి వెయ్యి, పన్నెండు వందలు తినగలుగుతుంది. రాబడి కొంచెం పెరిగి, ఖర్చు తగ్గితే నిల్వ కరగడం నెమ్మదిస్తుంది. రెండూ సమానమైన చోట ముల్లు నిలబడుతుంది.

ఆకలి సంగతి కూడా అంతే. గ్రెలిన్ అనే ఆకలి పుట్టించే హార్మోను ఎక్కువగా తయారయ్యేది స్లీవ్‌లో తీసేసే భాగంలోనే. అందుకే మొదటి నెలల్లో "అసలు ఆకలే వేయట్లేదు, గడియారం చూసి తింటున్నా" అంటారు. ఆరు నెలలు, ఏడాది గడిచేసరికి ఆకలి కొంత తిరిగొస్తుంది. అప్పటికి తినే పద్ధతి కుదిరి ఉంటే పరవాలేదు. అంటే ఆ ఆకలి లేని ఆరు నెలలు బరువు తగ్గడానికి మాత్రమే కాదు, అలవాట్లు మార్చుకోవడానికి దొరికిన గడువు కూడా.

మన టీచరు మూడు నెలలకి 17, ఆరు నెలలకి 25, ఏడాదికి 31 కిలోలు తగ్గింది. ఇప్పుడు 77 దగ్గర ఉంది. పెళ్ళిళ్ళలో చూసినవాళ్ళు "ఇంకా లావుగానే ఉందే" అంటారు. ఆవిడ ఎత్తుకి 60 కిలోలు ఉండాలనుకుంటే, ఉన్న అదనపు బరువు 48 కిలోలు. అందులో 31 పోయిందంటే దాదాపు 65 శాతం. స్లీవ్ తరవాత అదనపు బరువులో సగానికి మించి పోతే డాక్టర్లు మంచి ఫలితం అనే అంటారు. సినిమా తార నడుము వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేదు. షుగరు బిళ్ళ ఒకటే మిగిలింది, రాత్రి ఊపిరి ఆగడం లేదు, మూడో అంతస్తులోని క్లాసుకి ఆగకుండా ఎక్కుతోంది. ఈ మూడూ తూకం మెషీన్‌లో కనబడవు.

షుగరు గురించి ఒక్క మాట. బరువు దిగకముందే, ఆపరేషన్ అయిన కొద్దిరోజులకే రక్తంలో చక్కెర పడిపోతుంది, ముఖ్యంగా బైపాస్‌లో. పేగుల్లోంచి వచ్చే హార్మోన్లు మారడం దీనికి ఒక కారణం. పాత మోతాదులోనే ఇన్సులిన్, బిళ్ళలు వేసుకుంటూ పోతే చక్కెర మరీ పడిపోయి ప్రమాదం. బి.పి. బిళ్ళలదీ అదే సంగతి. కిలోల లెక్క రాసుకునే పుస్తకంలోనే పక్కన షుగరు, బి.పి. కూడా రాసుకుంటే డాక్టరుకి పని సులువు.

వంటింట్లో ఏం మారాలి

తూకంలో తగ్గిన ప్రతి కిలో కొవ్వే అనుకోకండి. అందులో కండ కూడా ఉంటుంది. వేగంగా తగ్గేకొద్దీ, మాంసకృత్తులు చాలనికొద్దీ కండ ఎక్కువ పోతుంది. కండ పోతే ఒళ్ళు ఖర్చు పెట్టే శక్తి ఇంకా తగ్గి, ముల్లు ఇంకా తొందరగా ఆగుతుంది. టీచరు గుడ్డు మానేసి చారు నీళ్ళు తాగినప్పుడు జరిగింది ఇదే.

రోజుకి కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలంటారు. మన ఇళ్ళలో ఇది అన్నంత తేలిక కాదు. గుడ్డులో ఆరు గ్రాములు. వంద గ్రాముల పెరుగులో మూడు, నాలుగు. కప్పు గట్టి పప్పులో ఏడెనిమిది. పనీరు వంద గ్రాములైతే 18 దగ్గర. చేపా కోడీ తినేవాళ్ళకి వంద గ్రాములకి ఇరవై పైన. శాకాహారులకి సోయా మీల్‌మేకర్ పెద్ద దిక్కు. పప్పుకట్టు, చారు, రాగిజావ పేరుకి బలమైనవే గాని లెక్కలోకి పెద్దగా రావు. "పప్పు తింటున్నా కదా" అంటే సరిపోదు, ఎంత గట్టి పప్పు, ఎన్ని చెంచాలు అన్నది చూడాలి. కప్పు పట్టని కడుపులో మొదటి నాలుగు ముద్దలు అన్నమైతే మిగతావాటికి చోటే ఉండదు. కాబట్టి మన కంచం తిరగబడాలి. ముందు పప్పు, గుడ్డు, కూర. చివర్లో చోటుంటే అన్నం. అన్నం తినకపోతే భోజనం చేసినట్టే కాదని అనుకునే ఇళ్ళలో ఇది పెద్ద తగువు. "ఒక్క ముద్ద పెరుగన్నం తినమ్మా" అని బలవంతం చేసే తల్లి ప్రేమకి ఏం జవాబు చెబుతాం?

నీళ్ళు తినేటప్పుడు తాగకూడదు. తిన్న అరగంట తరవాత గుక్కలు గుక్కలుగా తాగాలి. గటగటా తాగే అలవాటు మానాలి. బైపాస్ అయినవాళ్ళు బొబ్బట్లు, లడ్డూలు తింటే గుండె దడ, చెమటలు, విరేచనాలు పట్టుకోవచ్చు. దాన్ని డంపింగ్ అంటారు. ఇది ఒకరకంగా కాపలా కుక్క లాంటిది, భయపెట్టి దూరంగా ఉంచుతుంది. స్లీవ్ వాళ్ళకి ఆ కాపలా అంతగా లేదు. వాళ్ళకి అసలు శత్రువు జంతికలు, చేగోడీలు. ముద్ద పప్పు నాలుగు చెంచాలకే కడుపు నిండిపోతుంది గాని, జంతిక నోట్లో నాని పొడై జారిపోతుంది, గంటకో రెండు చొప్పున సాయంత్రానికి పాకెట్టు ఖాళీ. ముల్లు తిరిగి పైకి పోయే దారుల్లో ఇది ఒకటి.

విటమిను బిళ్ళలు ఆపరేషన్ అయిన మొదటి సంవత్సరానికే కాదు, జీవితాంతం. బి12, ఇనుము, కాల్షియం, డి విటమిను. నెలసరి ఉన్న ఆడవాళ్ళకి ఇనుము మరీ ముఖ్యం. "బాగానే ఉన్నాను కదా" అని మానేసినవాళ్ళకి రెండు మూడేళ్ళ తరవాత కాళ్ళూ చేతులూ తిమ్మిర్లు, రక్తహీనత బయటపడతాయి. మోకాళ్ళ నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే మామూలు నొప్పి బిళ్ళలు బైపాస్ అయినవాళ్ళు వేసుకోకూడదు, అతుకు దగ్గర పుండ్లు పడతాయి.

మూడు, నాలుగు నెలల దగ్గర జుట్టు రాలడం మొదలవుతుంది. దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా వస్తుంటే ఏ ఆడదానికైనా గుండె జారిపోతుంది. తూకం తగ్గినందుకు సంతోషించాలో, జడ పలచబడినందుకు ఏడవాలో తెలియని రోజులవి. ఒంటికి తగిలిన పెద్ద కుదుపుకి జుట్టు కుదుళ్ళు ఒక్కసారిగా విశ్రాంతిలోకి వెళ్ళడం వల్ల వచ్చేది ఇది. మూడు నుంచి ఆరు నెలలు రాలి, చాలామందికి తిరిగి మొలుస్తుంది. మాంసకృత్తులు, ఇనుము తక్కువైతే మాత్రం ఎక్కువకాలం సాగుతుంది. నూనెలు మార్చినందువల్ల లాభం లేదు. వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్ళు పడటం కూడా ఉంది. అందుకని చాలాచోట్ల మొదటి ఆరు నెలలు దానికి ఒక బిళ్ళ ఇస్తారు.

ఇంతా చెప్పి, భయపడాల్సినవి చెప్పకపోతే ఎలా? ముల్లు ఆగితే భయపడక్కర్లేదు. ఆగకుండా వాంతులవుతూ, మంచినీళ్ళు కూడా నిలవక బరువు దిగుతుంటే మాత్రం అది "బాగా పని చేసింది" అని మురిసే సంగతి కాదు. బి1 విటమిను అడుగంటి చూపు రెండుగా కనబడటం, నడక తూలడం దాకా పోవచ్చు. వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. మొదటి వారాల్లో జ్వరం, గుండె వేగంగా కొట్టుకోవడం, కడుపులో గట్టి నొప్పి, ఆయాసం, పిక్క వాపు వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగకూడదు. అనుభవం ఉన్న చోట ఈ ఆపరేషన్‌లో ప్రాణహాని వెయ్యిమందిలో ముగ్గురి లోపే గాని, సున్నా కాదు.

"ఇంక ఆలస్యం దేనికి?"

పెళ్ళయి నాలుగైదేళ్ళయినా పిల్లలు కలగని అమ్మాయిలు, అండాశయాల్లో నీటితిత్తుల సమస్యతో నెలసరి తప్పుతున్నవాళ్ళు, బరువు తగ్గితే కడుపు పండుతుందన్న ఆశతోనే ఈ ఆపరేషన్‌కి ఒప్పుకుంటారు. ఆ ఆశ వట్టిది కాదు. బరువు దిగడం మొదలవగానే చాలామందికి నెలసరి దారిలో పడుతుంది, అండం విడుదలవుతుంది. చిక్కు అక్కడే ఉంది. గర్భం రావడానికి వీలయ్యేది మూడు, నాలుగో నెలలోనే. గర్భం రాకూడనిదీ అప్పుడే. ముల్లు పరుగు మీద ఉన్న కాలంలో తల్లి ఒంటికే పోషణ చాలదు, లోపలి బిడ్డకి ఎక్కడి నుంచి వస్తుంది? బరువు స్థిరపడేదాకా, అంటే 12 నుంచి 18 నెలలు, ఆగమని డాక్టర్లు చెబుతారు.

ఇంట్లో పెద్దవాళ్ళకి ఇది నచ్చజెప్పడం ఎంత కష్టమో అనుభవించేవాళ్ళకే తెలుసు. "నెలసరి సరిగా వస్తోందిగా, ఇంక ఆలస్యం దేనికే?" అని అత్తగారు అడుగుతుంది. ఆపరేషన్ డబ్బు ఆవిడ కొడుకు కట్టాడాయె. ఆ అమ్మాయి "డాక్టరు వద్దన్నారత్తయ్యా" అంటే నమ్మరు. ఈ మాట చెప్పాల్సింది కోడలు కాదు, కొడుకు. వీలైతే ఆపరేషన్‌కి ముందే, డాక్టరు గదిలో, ఇద్దరూ కూర్చుని ఉండగా అత్తగారిని కూడా కూర్చోబెట్టి చెప్పించాలి. ఇంకో సంగతి. బైపాస్ తరవాత నోటితో మింగే గర్భనిరోధక బిళ్ళలు సరిగా ఒంటబడతాయన్న నమ్మకం లేదు. ఏ పద్ధతి వాడాలో గైనకాలజిస్టుని ముందే అడిగి పెట్టుకోవాలి. "నాకెలాగూ నెలసరే రాదు, గర్భం ఎక్కడొస్తుంది" అని ఏ జాగ్రత్తా తీసుకోనివాళ్ళే ఎక్కువ.

ముల్లు తిరిగి పైకి లేస్తే

దీర్ఘకాలం ఏమవుతుందన్నదానికి స్వీడన్ దేశంలో 1987లో మొదలైన అధ్యయనం ఒకటి గట్టి ఆధారం. ఆపరేషన్ అయినవాళ్ళు రెండువేల మంది, కానివాళ్ళు మరో రెండువేల మందిని ఏళ్ళ తరబడి చూశారు. బైపాస్ అయినవాళ్ళు ఒకటి రెండేళ్ళకి సగటున 32 శాతం తగ్గారు. పదేళ్ళకి చూస్తే ఆ తగ్గుదల 25 శాతం. అంటే కొంత తిరిగొచ్చింది. కాని మందులూ పథ్యంతో ఉన్నవాళ్ళ బరువు ఆ పదేళ్ళలో దాదాపు ఉన్నచోటే ఉంది. ఆపరేషన్ అయినవాళ్ళలో మరణాలు కూడా తక్కువే. ఆ ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. (అప్పటి వాటిలో స్లీవ్ లేదు, అది తరవాత వచ్చింది.)

కాబట్టి రెండో ఏడు దాటాక మూడు, నాలుగు కిలోలు పెరగడం చాలామందికి జరిగేదే. పది, పదిహేను అయితే కారణం వెతకాలి. తిండిలోకి జంతికలు, కూల్‌డ్రింకులు, ఐస్‌క్రీములు వచ్చాయా, నడక ఆగిందా, థైరాయిడ్ ఉందా, మనసు బాగాలేక తింటోందా, సంచీ సాగిందా అని ఒక్కొక్కటే చూస్తారు. ఇప్పుడు దీనికి ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. టిర్జెపటైడ్ మన దేశంలో 2025 మార్చిలో, బరువు కోసం వాడే సెమాగ్లుటైడ్ అదే ఏడాది జూన్‌లో అమ్మకానికి వచ్చాయి. పరిశోధనల్లో సెమాగ్లుటైడ్‌తో 68 వారాలకి సగటున 15 శాతం, టిర్జెపటైడ్ పెద్ద మోతాదుతో 72 వారాలకి 20 శాతం దగ్గర బరువు తగ్గింది. ఆపేస్తే మాత్రం చాలా భాగం తిరిగొస్తుంది. ఆపరేషన్ తరవాత పెరిగినవాళ్ళకి కూడా కొందరు డాక్టర్లు వీటిని వాడుతున్నారు. పక్కింటావిడ వాడుతోందని షాపులో కొనుక్కునే వస్తువు మాత్రం కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం ఆడవాళ్ళు ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. ఎత్తూ బరువూ కలిపి వేసే లెక్క, బి.ఎం.ఐ., 35 దాటినవాళ్ళకి, షుగరు లాంటి జబ్బు ఉంటే 30 దాటినవాళ్ళకి అన్నది 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఇచ్చిన సలహా. మన ఆసియా వాళ్ళకి ఇంకా తక్కువ దగ్గరే, 27.5 నుంచే ఆలోచించవచ్చన్నారు. ఇన్సూరెన్సు వాళ్ళ గీత వేరు. 40 దాటాలి, లేదా 35 దాటి పెద్ద జబ్బులుండాలి. డాక్టరు సరేనన్నా పాలసీ కాదనే సందర్భం ఇక్కడే వస్తుంది. చేరకముందే కాగితం మీద రాయించుకోవాలి.

బరువు పెరిగాక డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి సిగ్గుపడి మానేసేవాళ్ళు చాలామంది. మొదటి ఏడాది మూడు నెలలకోసారి వెళ్ళి, అంకె బాగున్నంతకాలం చూపించుకుని, అంకె చెడ్డాక ముఖం చాటేస్తారు. రక్తపరీక్షలు ఆగిపోయేది అప్పుడే, విటమిను బిళ్ళలు ఆగిపోయేదీ అప్పుడే. అయిదో ఏడు వచ్చినా, పదో ఏడు వచ్చినా, ఏడాదికి ఒకసారి హిమోగ్లోబిన్, బి12, ఇనుము నిల్వ, డి విటమిను, కాల్షియం, షుగరు చూపించుకోవాలి. తూకం ఎంత చూపించినా సరే.